గీత లేని గ్లాసు

దాలయ్యకు నీళ్ళు తాగించింది మీరే.

అటూ ఇటూ చూడకండి. శుద్ధిశాల గోడ ముందు నిలబడి దీన్ని చదువుతున్న మీతోనే అంటున్నాను. దాహమన్న మనిషికి నీళ్ళివ్వడం కూడా నేరమేనా అని అడుగుతారు, తెలుసు. అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే నా పుస్తకంలోంచి కొన్ని పుటలు చింపి ఇక్కడ అంటిస్తున్నాను. మీకోసం అక్కడక్కడ నాలుగు మాటలు చేర్చాను. శుక్రవారం సభకు వచ్చే ముందు చదవండి. చదువు రానివాళ్ళకు చదివి వినిపించండి.

నా పేరు కొర్రాయి విమోచన. వయసు యాభై రెండు. సముద్రం మా బడిని మింగక ముందు అందులో సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. ఏడేళ్ళుగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, ఈ శుద్ధిశాలలో పదకొండో నంబరు కుర్చీలో చెయ్యి చాపుకుని కూర్చుంటాను. నా కిడ్నీలు మానేసిన పనిని మిషను చేస్తుంది. మీ తాతలు డయాలసిస్ అనేవారు. మేము వంతు అంటాం. తేదీలు మాకు గుర్తుండవు, వంతులు గుర్తుంటాయి.

1,094వ వంతు. మంగళవారం.
వచ్చినప్పుడు 53.9 కిలోలు, వెళ్ళేటప్పుడు 51.5.

తీగ మీద వేలాడుతూ నడిచే తీగబండిలో పైకి వస్తుంటే కింద మునిగిన పాత ఊరు కనిపించింది. ఆటుకు నీళ్ళు వెనక్కి తగ్గాయి. కొబ్బరిచెట్ల తలలు నీటి మీద తేలుతున్న జుట్టులా ఉన్నాయి. బడి పైకప్పు మీద కొంగ నిలబడి ఉంది, హాజరు వేయడానికి వచ్చినట్టు.

తూకం అయ్యాక కుర్చీలోకి వచ్చాను. పన్నెండో కుర్చీలోంచి దాలయ్య ఎప్పటిలాగే అడిగాడు.

"పలుకుతందేటి, పంతులమ్మా?"

"పలుకుతోంది, బాబాయ్. నీది?"

"గొణుగుతంది."

ఇది మా పలకరింపు. మా చేతిలో రెండు నాళాలను కలిపి కుట్టిన చోట రక్తం పరుగెడుతూ సన్నగా మోగుతుంది. వేళ్ళు ఆనిస్తే అగ్గిపెట్టెలో తుమ్మెద ఉన్నట్టుంటుంది. సూదులు దిగేది అక్కడే. అది మూగబోతే మిషనుకు దారి లేదు. అందుకే బాగున్నారా అని అడగం. బాగుండటం సంగతి మీరు చూసుకుంటారు కదా, అంకెలు వేసుకుని.

దాలయ్యకు అరవై ఆరేళ్ళు. ముప్పయ్యేళ్ళు సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారంలో పని చేశాడు. ఊరు మునిగాక మనమంతా చేరిన ఈ మెరక మీద మీరు తాగే ప్రతి గుక్కా ఆయన చేతి మీదుగా వచ్చిందే. ఇప్పుడు ఆయనకు రోజుకు ముప్పావు లీటరు దాటకూడదు. అంతకు మించితే ఒంట్లోనే నిలిచిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. ఆయన భార్య సుగ్గమ్మ స్టీలు గ్లాసు మీద మేకుతో గీత గీసింది. గీత దాకా ఒకసారి పోస్తే ఒక గీత. రోజుకు అయిదు గీతలు. కూరలో పులుసూ, మాత్ర మింగే గుక్కా అందులోనే.

"సముద్రంలో ఉప్పు ముప్పయ్యేళ్ళు నానే తీసినాను," అంటాడు. "నా ఉప్పు తియ్యడానికి ఇన్ని మిషన్లు కావాలొచ్చినాయి."

ఇవాళ సుఖజీవన శాఖ వాళ్ళు పెట్టెలు దింపారు. లోపల బూడిదరంగు పట్టీలు. నుదుటికి చుట్టుకుంటే నిద్రలోకి తీసుకెళ్తాయట. కల ఇస్తాయట. ఆ కలలో మనం ఎంత హాయిగా ఉన్నామో అవే కొలిచి గోడ మీద అంకె వేస్తాయట. వాళ్ళు ఏదో పెద్ద పేరు పెట్టారు. దాలయ్య తలపాగా అన్నాడు. ఆ పేరే నిలిచింది.

1,095వ వంతు. గురువారం.
వచ్చినప్పుడు 53.2, వెళ్ళేటప్పుడు 51.5.

పెట్టుకోనని మొదట వాదించాను. టెక్నీషియన్ నీలవేణి నవ్వింది. "మేడం, ఒక్కపాలి సూడండి. నచ్చకపోతే తిట్టడానికైనా తెలియాల కదా."

ఆ మాట నిజమే. పెట్టుకున్నాను.

పాత ఊరి బడి. వరండా. వాన పడుతోంది. దోసిలి పట్టాను, నిండింది. తాగాను, మళ్ళీ నిండింది. గొంతులో దిగుతున్న నీళ్ళకు చప్పుడు ఉంటుందన్న సంగతి ఏడేళ్ళలో మరిచిపోయాను. చల్లగా పక్కటెముకల వెనక నుంచి దిగుతూ ఉంది. ఎన్ని దోసిళ్ళని ఎవరూ అడగలేదు. తరగతి గదిలోకి నీళ్ళు వచ్చాయి, బల్లల మధ్య పలకలు తేలాయి, భయం వేయలేదు. మోకాళ్ళ దాకా నిలబడి పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు. పిల్లలు విన్నారు.

లేచేసరికి నాలుగు గంటలు అయిపోయాయి. కాళ్ళు పట్టేయలేదు, కడుపులో తిప్పలేదు. ఆ బాధలు కలిగాయో లేదో తెలియలేదు అనాలి.

బాగుంది. రాయకపోతే అబద్ధమవుతుంది.

గోడ మీద పదకొండో నంబరు కింద 96 అని వెలుగుతోంది. నాలుక మాత్రం అట్టలా ఉంది. వచ్చినప్పటికన్నా దాహం ఎక్కువైంది.

1,098వ వంతు. గురువారం.
వచ్చినప్పుడు 53.8, వెళ్ళేటప్పుడు 51.6.

ఇరవై కుర్చీలు. ఇరవై తలపాగాలు. ఎవరూ మాట్లాడటం లేదు.

ఇదివరకు ఈ హాలు సంతలా ఉండేది. నాలుగో కుర్చీ ఆవిడకూ ఏడో కుర్చీ ఆయనకూ చింతపండు మీద గొడవ. మామిడిపండు ముక్క తిన్నాడని ఒకడి మీద అందరూ విచారణ. మూడో గంట కాగానే నీలవేణి గిన్నెతో వచ్చేది, తలా ఒక ఐసు ముక్క. ఎవరి ముక్క ఎక్కువసేపు నిలుస్తుందో పందెం. దాలయ్య దవడలో దాచుకుని కరగలేదని బుకాయించేవాడు. ఒకసారి నోరు తెరిపించి చూశాం, గులకరాయి పెట్టుకున్నాడు.

ఇవాళ ఐసు గిన్నె బల్ల మీదే నీళ్ళయింది.

కలలు చెదురుతాయని మిషన్లకు కూత తీసేశారు. ఏదైనా తేడా వస్తే ఎర్రదీపం వెలుగుతుంది, అంతే. నిద్రపోయేవాళ్ళకు ఇంతమంది ఎందుకని ముగ్గురు టెక్నీషియన్లలో ఇద్దర్ని వేరే పని మీద మెరక దిగువనున్న కింది వాడకు పంపేశారు. నీలవేణి ఒక్కతే మిగిలింది.

వెళ్ళేటప్పుడు తీగబండిలో దాలయ్యను అడిగాను, ఆయన కలేమిటని.

"కర్మాగారమే. నాను పెద్ద వాల్వు తిప్పుతాను. గొట్టంలోంచి నీళ్ళొస్తాయి. గ్లాసు పెడతాను, తాగతాను. మళ్ళీ పెడతాను."

"అది కల అని అక్కడ తెలుస్తుందా నీకు?"

"తెలక ఏటి? గ్లాసుకి గీత ఉండదు. గీత నేదంటే కలన్నమాట. ఇంక బెంగ నేదు, తాగొచ్చు."

ఎంత తెలివైన గుర్తు కనిపెట్టాడో అనుకున్నాను. ఈ వాక్యం నా చేతి రాతే. కొట్టేయకుండా ఉంచుతున్నాను.

1,101వ వంతు. గురువారం.
వచ్చినప్పుడు 53.5, వెళ్ళేటప్పుడు 51.5.

మీ దగ్గరికొక ప్రశ్న వచ్చింది, గుర్తుందా? ఆదివారం ఉదయం, మీ ఇంటి గోడ తెర మీద. "హాయి అంకె తొంభై అయిదు దాటిన శుద్ధి గ్రహీతలకు వారంలో మూడో వంతు కొనసాగించాల్సిన అవసరం ఉందా?"

గ్రహీతలట. మేమేదో పురస్కారం తీసుకుంటున్నట్టు.

మీరు కాఫీ తాగుతూ ఓటుగా వేలు పెట్టారు. నూటికి డెబ్బై ఒక్కమంది అవసరం లేదన్నారు. మీలో చెడ్డవాళ్ళు ఎంతమందో నాకు తెలియదు, బహుశా ఒక్కరూ ఉండరు. పాపం అంత హాయిగా ఉన్నవాళ్ళను వారానికి మూడుసార్లు సూదులతో పొడవడం ఎందుకని మీలో కొందరు జాలిపడి ఉంటారు కూడా. ఆ జాలికే భయపడుతున్నాను. రక్తంలో విషం ఎంత మిగిలిందని ఎవరూ అడగలేదు. కలలో నవ్వాడా లేదా అని అడిగారు, నవ్వాడన్నారు, చాలన్నారు.

పద్నాలుగు మంది పేర్లు గోడ మీద వేశారు. వచ్చే నెల మొదటి శనివారం నుంచి వీళ్ళ శనివారం వంతు రద్దు. అందరికన్నా పైన దాలయ్య, 98.

శనివారం పోతే గురువారం నుంచి మంగళవారం దాకా అయిదు రోజులు. ఆయనకు చుక్క మూత్రం రాదు. అయిదు రోజుల నీళ్ళు ఆ ఒంట్లో ఎక్కడ దాచుకోవాలి?

నా పేరు కూడా ఆ జాబితాలో ఉంది. తలపాగా తీసి పెట్టెలో పడేశాను. మెలకువగా ఉన్నవాళ్ళ హాయిని కుర్చీ చెయ్యి మీది బిళ్ళ కొలుస్తుంది. నాలుగు గంటలు మీ గురించే ఆలోచించాను. నా అంకె నలభై ఒకటికి దిగింది. జాబితాలోంచి నా పేరు తీసేశారు. జీవితంలో నా కోపం నాకు ఉపయోగపడింది ఇదే మొదటిసారి.

1,104వ వంతు. గురువారం.
వచ్చినప్పుడు 53.6, వెళ్ళేటప్పుడు 51.5.

దాలయ్యతో గొడవ.

"బాబాయ్, నెలాఖరు దాకా అది పెట్టుకోకు. అంకె తొంభై అయిదు కిందికి వస్తే చాలు. నీ శనివారం నీకుంటుంది."

"పెట్టుకోకపోతే నాలుగు గంటలూ ఏటి సెయ్యమంటావు?"

"నాతో మాట్లాడు."

"నీతోనా?" అని నా వైపు తిరిగాడు. "నువ్వు మాటాడవు పంతులమ్మా. ఉపన్యాసమిస్తావు."

పక్క కుర్చీ ఆయన తలపాగా కట్టుకుంటూ కిసుక్కున నవ్వాడు.

"చచ్చిపోతావు బాబాయ్."

"అది నాకూ తెలుసు. నువ్వు నా ఇంటికొచ్చి సూసినావేటి ఎప్పుడైనా? పొద్దున లెగిస్తే గీత. మజ్జానం గీత. సుగ్గి నా ముందర నీళ్ళు తాగడం మానేసి పదేళ్ళయింది, పెరట్లోకెల్లి తాగొస్తాది, దొంగతనం సేసినట్టు. మూతి తుడుసుకుని వొస్తాది. నాను సూడనట్టుంటాను. ఈ నాలుగు గంటలే నాకు గీత నేదు. దాన్ని ఒగ్గెయ్యమంటావు."

నా దగ్గర సమాధానం ఉంది. ఎప్పుడూ ఉంటుంది. ఆయన తలపాగా కట్టుకున్నాడు. నాలుగు నిమిషాల్లో మొహం మీది ముడతలు ఒక్కొక్కటే సర్దుకున్నాయి. పెదవులు కొద్దిగా తెరుచుకున్నాయి. గుటక పడింది. మళ్ళీ పడింది. మూడున్నర గంటలు ఆ గొంతు కదలడం చూస్తూ కూర్చున్నాను. చూస్తుంటే నాకూ నిద్రొచ్చింది. కిటికీలోంచి వచ్చే వెలుగు గొట్టాల్లో తిరుగుతున్న ఇరవై మంది రక్తం మీద పడి, హాలు మొత్తం దానిమ్మగింజ లోపల ఉన్నట్టుంది. అందమైన చోటే. నేను ఇక్కడ కూర్చునేది దాన్ని చూడ్డానికి కాదు.

1,106వ వంతు. మంగళవారం.
వచ్చినప్పుడు 54.0. వెళ్ళేటప్పుడు తూకం చూసుకోలేదు.

జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

దాలయ్య సుగ్గమ్మ భుజం పట్టుకుని వచ్చాడు. తీగబండి దిగి ఇరవై అడుగులు నడవడానికి రెండుసార్లు ఆగాడు. కాళ్ళు వాచాయి. తూకం మీద శనివారం వెళ్ళేటప్పటికన్నా అయిదు కిలోల నాలుగు వందల గ్రాములు ఎక్కువ.

"ఏం తాగావు బాబాయ్?"

తల అడ్డంగా ఊపాడు. ఊపిరి చాల్లేదు. సుగ్గమ్మ కూడా, "నా సేత్తో అయిదు గీతలే పోసినానమ్మా, ఒట్టు," అంది.

నీలవేణి సూదులు పెట్టింది. అంత నీటినీ నాలుగు గంటల్లో లాగకూడదని ఆమెకు తెలుసు. మూడు కిలోలకు పెట్టి, మిగతాది రేపు మళ్ళీ పిలిచి తీస్తానంది. పెట్టలేకపోయింది. అదనపు వంతుకు అనుమతి కావాలంటే అంకె యాభై లోపు ఉండాలని మిషను తెర చెప్పింది. ఇవాళే మొత్తం లాగాలని ఆ తెరే లెక్క వేసేసింది. నీలవేణి నా వైపు చూసింది. దాలయ్య అప్పటికే తలపాగా కట్టేసుకున్నాడు.

మెలకువగా ఉన్న మనిషి ఒంట్లోంచి నీళ్ళు వేగంగా లాగితే ముందు పిక్కలు పట్టేస్తాయి. అరుస్తాడు. ఆ అరుపే మా అసలు అలారం. నీలవేణి పరుగెత్తుకొచ్చి మిషను వేగం తగ్గిస్తుంది. ఏడేళ్ళలో అలా నేను అరవై సార్లైనా అరిచి ఉంటాను. దాలయ్య అరవలేదు. నవ్వుతున్నాడు.

రెండున్నర గంటలప్పుడు, నీలవేణి హాలు ఆ చివర ఇంకొకరికి సూదులు తీస్తోంది. దాలయ్య పాదాలు చూశాను. బొటనవేళ్ళు వెనక్కి వంగిపోయాయి, మిగతా వేళ్ళు విచ్చుకున్నాయి. పిక్క మీద కండ కప్పలా ఎగురుతోంది. మొహం మాత్రం నవ్వుతోంది. మైనం రంగులోకి మారుతూ నవ్వుతోంది. ఆయన మిషను మీద ఎర్రదీపం వెలుగుతోంది. ఎప్పటి నుంచి వెలుగుతోందో తెలియదు. కూత లేదుగా.

"నీలవేణీ" అని నేను వేసిన కేక పాత ఊరి దాకా వినబడి ఉంటుంది.

రక్తపోటు పైది అరవై. కుర్చీ వాల్చి, కాళ్ళు ఎత్తి, లాగడం ఆపి, నరంలోకి ఉప్పునీళ్ళు వదిలింది. ముప్పయ్యేళ్ళు సముద్రంలోంచి ఉప్పు తీసిన మనిషిని ఒక సంచీడు ఉప్పునీళ్ళు బతికించాయి. తలపాగా నేనే లాగేశాను, నా చేతిలో సూదులు ఉన్నాయన్నది మరిచిపోయి. నా రక్తం కొంత ఆయన చొక్కా మీద పడింది.

కళ్ళు తెరిచి, "ఏటి, అప్పుడే అయిపోనాదా?" అన్నాడు.

గోడ మీద పన్నెండో నంబరు కింద 98 వెలుగుతోంది.

1,107వ వంతు. గురువారం.
వచ్చినప్పుడు 52.9, వెళ్ళేటప్పుడు 51.4.

పన్నెండో కుర్చీ ఖాళీ. రక్తపోటు అంతగా పడిపోయినప్పుడు దాలయ్య చేతిలో రక్తం గడ్డకట్టింది. తుమ్మెద ఆగిపోయింది.

1,108వ వంతు. శనివారం.
వచ్చినప్పుడు 53.1, వెళ్ళేటప్పుడు 51.5.

సుఖజీవన శాఖ నుంచి ప్రవల్లిక అనే అధికారి వచ్చింది. ముప్పై ఏళ్ళు ఉండవు. మర్యాదగా స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. అరిచేవాళ్ళను చూసి నేర్చుకున్న మర్యాద.

"దాలయ్య గారి విషయం చాలా బాధాకరం అండీ. మా విచారణ పూర్తయింది. ఆదివారం ఎదురింటి బారసాల భోజనంలో ఆయన తొమ్మిది గ్లాసుల నీళ్ళు తాగారు. ఆ ఇంటివాళ్ళే చెప్పారు. పాపం వాళ్ళకు జబ్బు సంగతి సరిగా తెలియదు, అడిగిన కొద్దీ పోశారు. అందుకని 'రోగి నిర్లక్ష్యం' అని నమోదు చేయాల్సి వచ్చింది."

"పదేళ్ళు గీత దాటని మనిషి ఆ రోజే ఎందుకు దాటాడని అడిగారా?"

"ఆ గడి మా పత్రంలో లేదండీ."

"మంగళవారం ఆయన చావబోతుంటే మీ అంకె తొంభై ఎనిమిది."

"ఆ సమయంలో ఆయన అనుభూతి నిజంగానే తొంభై ఎనిమిది అండీ."

"ఆ సమయంలో ఆయన రక్తపోటు అరవై."

"అది వైద్య శాఖ అంకె అండీ," అంది. అంటూనే తనకూ ఎక్కడో గుచ్చుకున్నట్టుంది, కళ్ళు దించుకుంది. "శనివారం వంతు రద్దు ఆయనకు కూడా వర్తిస్తుంది. అభ్యంతరం ఉంటే శుక్రవారం సభలో జనం ముందు పెట్టొచ్చు. వాళ్ళ వేలిముద్రే మార్చగలదు."

వెళ్తూ వెళ్తూ పన్నెండో కుర్చీ మీద ఉన్న తలపాగాను చూసింది. "మీరెప్పుడైనా పెట్టుకున్నారా?" అని అడిగాను. లేదంది. దాహం లేనివాళ్ళకు అది ఏ కల ఇస్తుందో నాకూ తెలియదు.

1,109వ వంతు. మంగళవారం.
వచ్చినప్పుడు 53.7, వెళ్ళేటప్పుడు 51.5.

దాలయ్య వచ్చాడు. మెడ పక్కన గొట్టం కుట్టి ఉంది, దాని మీద తెల్ల గుడ్డ. చెయ్యి ఇంకోసారి కుట్టడానికి నాళాలు మిగిలాయో లేదో తర్వాత చూస్తారట. అంత దాకా మెడలోంచే.

నోటి అలవాటు. "పలుకుతోందా?" అని అడిగేశాను.

ఎడమ చెయ్యి నా వైపు చాపాడు. వేళ్ళు ఆనించాను. వెచ్చగా ఉంది. ఏమీ లేదు.

"మూగదైపోనాది," అన్నాడు. "ముప్పయ్యేళ్ళు గొట్టాలు సూసినాను పంతులమ్మా, నాకు తెలిసిపోనాది. లోపల అడ్డం పడితే ఇలాగే ఉంటాది."

సుగ్గమ్మ స్టూలు మీద కూర్చుంది. ఒళ్ళో సంచి. సంచిలో గీత గ్లాసు. ఇప్పుడు ఎక్కడికెళ్ళినా తీసుకెళ్తోంది.

"ఆ రోజు ఎలా జరిగింది బాబాయ్? నిజం చెప్పు. నిన్ను తప్పు పట్టడానికి కాదు."

"బారసాల కాడ ఆకేసినారు. పక్కన నీళ్ళెట్టినారు. గ్లాసుకి గీత నేదు." ఊపిరి తీసుకున్నాడు. "నాను సూసినాను. తిప్పి సూసినాను, అటు పక్కుందేమోనని. నేదు. ఓహో, శుద్ధిశాల్లో ఉన్నాను గావాల అనుకున్నాను. ఈ పాలి కర్మాగారం కాకుండా బారసాల సూపిత్తన్నారు, బాగుందనుకున్నాను. తాగినాను. వడ్డించే పిల్ల మళ్ళీ పోసినాది. ఎంత మంచి పిల్లో. మెలకువొస్తాది కదా, వొచ్చినదాకా తాగుదాం అనుకున్నాను." మెడ మీది గుడ్డ సర్దుకున్నాడు. "ఎంతకీ రానేదు."

నీలవేణి అటు తిరిగి ఏదో సర్దుతోంది.

"నా తప్పే," అంది సుగ్గమ్మ. "నానేదో పెద్ద తెలివైనదాన్నని గీత గీసినాను. ఎదురింటికి బోయినానికెల్తే మేకు కూడా పట్టుకెల్లాలని నాకేటి తెలుసు."

"ఊరుకోయే," అన్నాడు దాలయ్య.

నేను పుస్తకం తీశాను. శుక్రవారం సభలో పెట్టడానికి డిమాండ్లు రాస్తున్నానని చెప్పాను. మొదటిది చదివాను. తలపాగాలన్నీ తెచ్చి నడివీధిలో తగలబెట్టాలి.

"నాది కూడానా?"

"నిన్ను చంపబోయింది బాబాయ్ అది."

"అది నాకు నీళ్ళిచ్చినాది పంతులమ్మా. ఇంకెవులూ ఇవ్వనేదు. సంపబోయింది కూత తీసేసినోడు, అంకెని సూసి సాలన్నోడు. ఆల్లని తగలెట్టమని రాయి, వేలేస్తాను."

ముప్పై ఏళ్ళుగా కరపత్రాలు రాస్తున్నాను. జనం తరఫున రాస్తున్నానని అనుకుంటూ జనాన్ని అడగకుండా రాసినవి ఎన్నో ఈ కుర్చీలో కూర్చుని లెక్కపెట్టాను. హాయి అంకె వేసినవాళ్ళు కూడా ఆయన్ను అడగలేదు. వాళ్ళ పక్కన నా పేరు రాసుకోవడానికి చాలా సేపు పట్టింది. మొదటి డిమాండు కొట్టేశాను.

"మరి నువ్వే చెప్పు. ఏం రాయమంటావు?"

ఆలోచించాడు. మూడో గంట అయింది. ఇవాళ తలపాగా లేకుండా ఏడుగురం ఉన్నాం. నీలవేణి ఐసు గిన్నె తెచ్చింది. దాలయ్య ముక్క దవడలో పెట్టుకుని పూర్తిగా కరగనిచ్చాడు. అయ్యాక చెప్పాడు. చివరిది ఆయన చెప్పిందే. మాటలు మాత్రం నేను సర్దాను.

చదివారుగా. శుక్రవారం రండి. వచ్చి వీటి మీద వేలు పెట్టండి.

1. దాలయ్య శనివారం వంతు దాలయ్యకే ఉండాలి. మిగతా పదమూడు మంది వంతులూ వాళ్ళకే ఉండాలి.

2. ఆయన కాగితం మీద 'రోగి నిర్లక్ష్యం' అన్న మాట కొట్టేయాలి.

3. మిషన్లకు కూత తిరిగి పెట్టాలి. కల చెదిరితే చెదరనివ్వండి.

4. కింది వాడకు పంపిన ఇద్దరు టెక్నీషియన్లను వెనక్కి పిలవాలి. నీళ్ళు ఎంత వేగంగా లాగాలో, అదనపు వంతు ఎవరికి కావాలో నీలవేణి చెప్పాలి, తెర కాదు.

5. తలపాగా కావాలన్నవాళ్ళకు ఇవ్వాలి. వద్దన్నవాళ్ళను ఎందుకని అడగకూడదు. మూడో గంటకు అందరినీ లేపాలి, ఐసు ముక్క కోసం.

6. మా హాయిని కలలోంచి తీసుకోకూడదు. మేలుకుని ఉన్నప్పుడు మమ్మల్ని అడిగి రాసుకోవాలి. జవాబు పొడుగ్గా ఉంటే పొడుగ్గానే రాసుకోవాలి.

7. మెరక మీద ప్రతి ఇంట్లో ఒక గ్లాసుకు గీత గీసి ఉంచండి. మేకు చాలు. మేము మీ ఇంటికి వచ్చినప్పుడు అందులో గీత దాకా పోసి ఇవ్వండి. మేలుకునే ఉన్నామని మాకు తెలుస్తుంది.